ల్యాప్‌టాప్‌లో హెచ్‌టీటీపీఎస్: ముద్ర వేసేదెవరు, నమ్మేదెవరు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి చిన్న వెబ్ యాప్ తయారవుతోందనుకోండి. బస్తా మీద అంటించిన క్యూఆర్ కోడ్‌ను గుమస్తా తన ఫోన్‌తో స్కాన్ చేయాలి. రైతు పేరు, సరుకు రకం, తూకం, తక్‌పట్టీ నంబరు, ఆ రోజు జెండా పాట ధర తెర మీదకు రావాలి. అంతే పని. హనుమకొండలో ఒక గదిలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కూర్చుని రాస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి 5173 పోర్టులో తెరిస్తే కెమెరా వస్తోంది, స్కాన్ అవుతోంది. అదే వైఫై మీదున్న ఫోన్‌లో 192.168.1.12 అని కొట్టి చూస్తే పేజీ వస్తుంది గానీ కెమెరా రాదు. పర్మిషన్ కూడా అడగదు. బ్రౌజర్ లోపాలు చూపే కన్సోల్ తెరిస్తే, కెమెరాను పిలిచే మీడియా డివైసెస్ అనే ముక్క అన్‌డిఫైన్డ్ అని ఉంటుంది. అంటే బ్రౌజర్ ఆ సౌకర్యాన్ని ఆపేయడం కాదు, అసలు అలాంటిదొకటి ఉందనే చెప్పడం లేదు.

కోడ్ అదే, సర్వర్ అదే. మారింది బ్రౌజర్‌కు ఆ చిరునామా మీదున్న నమ్మకం. లోకల్‌హోస్ట్, 127.0.0.1 అన్నవి అదే యంత్రం లోపల తిరిగి అక్కడే ఆగిపోయే దారులు. మధ్యలో తీగ లేదు, రూటర్ లేదు, వినేవాడు లేడు. అందుకే మాటను దాచకుండా పంపే మామూలు హెచ్‌టీటీపీ అయినా బ్రౌజర్లు లోకల్‌హోస్ట్‌ను సురక్షితం కిందే లెక్కేస్తాయి. 192.168 తో మొదలయ్యే చిరునామా అలా కాదు. మన గదిలోదే అయినా గాలిలో వైఫై మీదుగా వెళ్లే మాట అది. దారిలో ఎవరైనా పేజీని మార్చి, కెమెరా తెరిచే కోడ్ ఇరికించవచ్చు. కాబట్టి కెమెరా, మైకు, లొకేషన్, సర్వీస్ వర్కర్ (నెట్ లేనప్పుడూ యాప్‌ను నడిపించే కోడ్), క్లిప్‌బోర్డ్ లాంటివి హెచ్‌టీటీపీఎస్, అంటే మాటను గుప్తంగా పంపే హెచ్‌టీటీపీ, ఉంటేనే ఇస్తామని బ్రౌజర్లు ఒక్కొక్కటిగా గేటు వేసుకుంటూ వచ్చాయి. క్రోమ్ 2016లో 50వ వెర్షన్‌తో లొకేషన్‌కు ఈ గేటు పెట్టింది. మిగతావి కూడా ఆ దారినే వెళ్లాయి.

ముందు ఒక ప్రశ్న: అసలు అవసరమా?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్ల వేట మొదలుపెడతారు. యాప్‌ను మీ ల్యాప్‌టాప్‌లో మీరొక్కరే చూస్తుంటే, చిరునామా లోకల్‌హోస్టే అయితే, మామూలు హెచ్‌టీటీపీతో నూటికి తొంభై పాళ్లు పని జరిగిపోతుంది. వదిలేయండి.

ఫోన్ దగ్గర ఇబ్బంది అయినా, అది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సర్టిఫికెట్ లేకుండానే ఒక దారి ఉంది. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లోని రిమోట్ డివైసెస్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే చాలు. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ 5173 అని కొడితే అది కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కు చేరుతుంది. ఫోన్ దృష్టిలో చిరునామా లోకల్‌హోస్టే కనుక కెమెరా వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని ఇది. తెలియక రాత్రంతా సర్టిఫికెట్లు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్లతో కుస్తీ పట్టేవాళ్లు ఉంటారు.

మరి ఎప్పుడు తప్పదు? ఫోన్లు నాలుగైదు ఉన్నప్పుడు, ఐఫోన్ ఉన్నప్పుడు, గుమస్తా చేతికి ఫోన్ ఇచ్చి గోదాంలో అటూ ఇటూ తిరగమన్నప్పుడు. లోకల్‌హోస్ట్ కాకుండా సొంత పేరు పెట్టుకున్నప్పుడు. వేరే సైట్ లోపల పనిచేసే కుకీలు (సైట్ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులు) వాడుతున్నప్పుడు కూడా, ఎందుకంటే 2020లో క్రోమ్ 80 వచ్చాక సేమ్‌సైట్ విలువ నన్ అని పెట్టిన కుకీకి సెక్యూర్ గుర్తు తప్పనిసరి. హెచ్‌టీటీపీ 2 మీద వేగం ఎలా ఉందో చూడాలన్నా అంతే, బ్రౌజర్లు దాన్ని ఎన్‌క్రిప్షన్ ఉన్నచోటే మాట్లాడతాయి.

ఒక అపోహ కూడా ఇక్కడే తీసేసుకుందాం. పేమెంట్ గేట్‌వే నుంచి డబ్బు పడిందని వచ్చే కబురు, అదే వెబ్‌హుక్, మీ లోకల్ సర్వర్‌కు చేరకపోతే దానికి లోకల్ సర్టిఫికెట్ మందు కాదు. గేట్‌వే వాళ్ల సర్వర్ ఎక్కడో ఉంటుంది, మీ గదిలోని 192.168 చిరునామా దానికి కనిపించనే కనిపించదు. ఆ పనికి బయటి నుంచి మీ ల్యాప్‌టాప్‌కు దారి వేసే టనెల్ సేవ కావాలి, అది తన హెచ్‌టీటీపీఎస్‌ను తానే తెచ్చుకుంటుంది. రెండు వేర్వేరు సమస్యలు.

ముద్ర లేని కాంటా

సర్టిఫికెట్ రెండు పనులకు ఆసరా. ఒకటి, మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా మాటను గుప్తంగా పంపడం. రెండు, అవతల ఉన్నది నిజంగా ఫలానావాడే అని చూపడం. మీకు మీరే చేసుకున్న సర్టిఫికెట్ మొదటి పనిని ఏ లోటూ లేకుండా చేస్తుంది, దాని ఎన్‌క్రిప్షన్ బ్యాంకు వెబ్‌సైట్‌ది ఎంత గట్టిదో అంతే గట్టిది. బ్రౌజర్ హెచ్చరికగా చూపే ఎర్ర పేజీ వచ్చేది రెండో పని దగ్గర. ఈ తేడా తెలియకపోవడం వల్లే "సర్టిఫికెట్ పెట్టినా నాట్ సెక్యూర్ అంటోంది" అన్న గోల.

మార్కెట్‌లో కాంటా సంగతి చూడండి. రైతు ప్రతి కాంటాను రాళ్లు పెట్టి పరీక్షించడు. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, ఆ ముద్ర ఏ ఏటిది అని చూస్తాడు. వ్యాపారి తనంత తానే "నా కాంటా కరెక్టే" అని కాగితం అంటిస్తే, కాంటా నిజంగా కరెక్టే అయినా, రైతు ఒప్పుకోడు. సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఆ కాగితం. నిజమైన ముద్ర వేసే శాఖ స్థానంలో ఇక్కడ సర్టిఫికెట్ అథారిటీ ఉంటుంది. ఏ ఏ అథారిటీల ముద్రను ఒప్పుకోవాలో ఒక జాబితా మీ కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. దాని పేరు రూట్ స్టోర్. ముద్ర ఆ జాబితాలోని వాళ్లదైతే తాళం గుర్తు, లేకపోతే ఎర్ర పేజీ.

అసలైన అథారిటీ దగ్గరకే వెళ్లి లోకల్‌హోస్ట్ పేరు మీద ముద్ర అడగొచ్చు కదా? ఇవ్వరు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థ. 2015 డిసెంబరులో అందరికీ తలుపులు తెరిచింది. కానీ ఆ పేరు మీ అధీనంలో ఉందని రుజువు చూపమంటుంది. లోకల్‌హోస్ట్ ఎవరి సొంతం? ప్రతి యంత్రానిదీ. 192.168.1.12 ఎవరిది? హంటర్ రోడ్డులో ఒక ఇంట్లోనూ ఉంటుంది, కాజీపేటలో ఇంకో ఇంట్లోనూ ఉంటుంది. ఒకప్పుడు డబ్బు తీసుకుని ఇలాంటి లోపలి పేర్లకు సర్టిఫికెట్లు అమ్మిన అథారిటీలు ఉండేవి. ఒకరికి ఇచ్చిన ముద్ర ఇంకొకరి నెట్‌వర్క్‌లో కూడా చెల్లుతుందని తేలాక, 2015 నవంబరు నుంచి ఆ జారీని ఆపేశారు. అప్పటికే ఇచ్చినవాటిని 2016 అక్టోబరుకల్లా రద్దు చేశారు.

ఇలాంటి పేర్లకు మిగిలిన దారి ఒక్కటే. మీరే ఒక చిన్న అథారిటీ అయిపోవడం, మీ యంత్రాల జాబితాలో మీ పేరు రాయించుకోవడం. ఆ ముద్ర మీ గడప దాటితే చెల్లదు. చెల్లక్కర్లేదు కూడా.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాఠాలు, ఎంకేసర్ట్ సుఖం

ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఇప్పటికీ చేతులు మారుతున్న పాత నోట్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్ ఒకటి ఉంటుంది. దేశం, రాష్ట్రం, ఊరు, సంస్థ అని వరసగా అడిగి, చివరికి కామన్ నేమ్ అడుగుతుంది. అక్కడ లోకల్‌హోస్ట్ అని కొడితే సర్టిఫికెట్ తయారవుతుంది. దాన్ని తీసుకెళ్లి రూట్ స్టోర్‌లో పెట్టినా క్రోమ్ ఒప్పుకోదు. కారణం, 2017లో 58వ వెర్షన్ నుంచి క్రోమ్ కామన్ నేమ్‌ను చూడటమే మానేసింది. పేరు సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడిలో ఉండాలి. పాత కమాండ్ ఆ గడిని నింపదు.

అందుకే ఎర్ర పేజీ వచ్చినప్పుడు దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చదవాలి. చాలామంది ఎరుపు చూసి టెన్షన్ పడతారు తప్ప అది చదవరు. చివర అథారిటీ ఇన్వాలిడ్ అని ఉంటే ముద్ర వేసినవాడు ఎవరో బ్రౌజర్‌కు తెలియదని అర్థం, రూట్‌ను, అంటే ముద్ర వేసినవాడి సొంత సర్టిఫికెట్‌ను, స్టోర్‌లో పెట్టలేదు లేదా తప్పు స్టోర్‌లో పెట్టారు. కామన్ నేమ్ ఇన్వాలిడ్ అని ఉంటే ముద్ర వేసినవాడు తెలుసు గానీ, మీరు కొట్టిన చిరునామా సర్టిఫికెట్‌లో లేదు. డేట్ ఇన్వాలిడ్ అంటే గడువు దాటింది, లేదా ఆ ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంది. మూడింటికీ మూడు వేర్వేరు మందులు. ఒకదానికి ఇంకొకటి వాడితే రోజంతా పోతుంది.

ఇప్పుడు ఈ పనికి ఎంకేసర్ట్ అనే చిన్న టూల్ ఉంది. ఇటలీకి చెందిన క్రిప్టోగ్రఫీ ఇంజనీర్ ఫిలిప్పో వాల్సోర్దా 2018లో దీన్ని గో భాషలో రాసి ఉచితంగా విడుదల చేశారు. విండోస్‌లో చాకొలేటీతో, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో, ఉబుంటులో ఆప్ట్‌తో దిగుతుంది. లైనక్స్ వాళ్లు దీనితోపాటు ఎన్‌ఎస్‌ఎస్ టూల్స్ ప్యాకేజీ కూడా వేసుకోవాలి, లేకపోతే ఫైర్‌ఫాక్స్‌కు, క్రోమియంకు కబురు అందదు.

మొదట ఇన్‌స్టాల్ అనే ఆప్షన్‌తో ఒకసారి నడపాలి. అది రెండు ఫైళ్లు పుట్టిస్తుంది: రూట్ సర్టిఫికెట్, దాని రహస్య తాళంచెవి అయిన ప్రైవేట్ కీ. సర్టిఫికెట్‌ను సిస్టమ్ రూట్ స్టోర్‌లో రాస్తుంది. విండోస్ అయితే ఇక్కడ ఒక హెచ్చరిక డబ్బా వస్తుంది, చదివి అవును అనాలి. తర్వాత రెండోసారి నడిపేటప్పుడు మీకు కావలసిన పేర్లన్నీ వరసగా ఇవ్వాలి: లోకల్‌హోస్ట్, 127.0.0.1, రెండు కోలన్ల పక్కన 1 వేసి రాసే ఐపీవీ6 చిరునామా, 192.168.1.12, మీరు పెట్టుకున్న సొంత పేరు. అయిదు పేర్లు ఇస్తే లోకల్‌హోస్ట్ ప్లస్ 4 అనే పేరుతో సర్టిఫికెట్ ఫైలు, దాని కీ ఫైలు చేతికి వస్తాయి. మొదటి పేరు, మిగతావి ఎన్నో ఆ అంకె. పోర్టు నంబరు ఇవ్వక్కర్లేదు. సర్టిఫికెట్ పేరుకే గానీ పోర్టుకు కాదు, 5173 అయినా 8443 అయినా ఒకటే.

దాని గడువు రెండేళ్ల మూడు నెలలు. అథారిటీ మనమే కదా, యాభై ఏళ్లు వేసుకుంటే పోలేదా అనిపించవచ్చు. 2019లో ఆపిల్ తన ఐఫోన్లలో, మ్యాక్‌లలో 825 రోజులకు మించిన సర్వర్ సర్టిఫికెట్లను నమ్మబోమని నియమం పెట్టింది, సొంత అథారిటీవి అయినా సరే. ఆ లెక్కకు లోబడే ఈ గడువు. బయటి లోకంలో ఇంకా బిగిస్తున్నారు. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులైంది. దాన్ని దశలవారీగా తగ్గిస్తూ 2029 మార్చికల్లా 47 రోజులకు తేవాలని 2025లో తీర్మానించారు.

ఇక ఆ రెండు ఫైళ్లను సర్వర్‌కు చూపించడమే. వీట్ అనే డెవలప్‌మెంట్ సర్వర్ వాడేవాళ్లు దాని కాన్ఫిగ్‌లో సర్వర్ కింద హెచ్‌టీటీపీఎస్ అనేచోట కీ, సర్ట్ అని ఇస్తారు. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌లో అయితే రెండు వరసలు. క్యాడీ సర్వర్ వాడితే ఎంకేసర్ట్ కూడా అక్కర్లేదు, లోకల్‌హోస్ట్ అని పేరు రాస్తే సొంత అథారిటీని తానే పెట్టుకుని, సర్టిఫికెట్ తానే వేసుకుని, గడువుకు ముందే తానే మార్చుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు క్యాడీకే. అయితే ఒకటి, వీట్ లాంటి డెవ్ సర్వర్లు మామూలుగా లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వింటాయి. ఫోన్‌కు అందాలంటే హోస్ట్ సెట్టింగ్ తెరవాలి. విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వాలి. ఇవి చేయకపోతే పేజీయే రాదు, దానికి సర్టిఫికెట్‌ను తిట్టి లాభం లేదు.

పేరు ఏది పెట్టాలి

పొద్దున 192.168.1.12 ఉన్న ల్యాప్‌టాప్‌కు కరెంటు పోయి వచ్చాక రూటర్ 192.168.1.17 ఇవ్వవచ్చు. అప్పుడు సర్టిఫికెట్‌లో ఆ అంకె లేదు కనుక కామన్ నేమ్ ఎర్రర్. రూటర్ సెట్టింగుల్లో మీ ల్యాప్‌టాప్‌కు ఒకే చిరునామా రిజర్వ్ చేయించుకోవడం తేలిక మందు.

పేరు పెట్టుకోవాలంటే చివర డాట్ టెస్ట్ పెట్టండి. పరీక్షల కోసమే ఈ ముగింపును 1999లో విడిగా ఉంచారు, ఎప్పటికీ ఎవరికీ అమ్మరు. డాట్ డెవ్ జోలికి పోవద్దు. అది గూగుల్ నడిపే నిజమైన డొమైన్ ముగింపు. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63 దాని కింద ఉన్న ప్రతి పేరునూ హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాలని బలవంతం చేసింది, దాంతో అప్పటిదాకా సరదాగా డాట్ డెవ్ అని పెట్టుకున్న ఎన్నో లోకల్ సైట్లు ఒక్కసారిగా తెరుచుకోలేదు. డాట్ లోకల్ కూడా వద్దు, ఇంట్లోని ప్రింటర్లూ టీవీలూ ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి ఆ పేరు వాడుకుంటాయి.

ల్యాప్‌టాప్‌లో ఏ పేరు ఏ చిరునామాదో రాసుకునే హోస్ట్స్ ఫైలులో ఒక వరస రాస్తే సొంత పేరు పనిచేస్తుంది. ఫోన్‌లో ఆ ఫైలును ముట్టనివ్వరు. కాబట్టి ఫోన్ కోసం అయితే అంకెల చిరునామానే సర్టిఫికెట్‌లో పెట్టుకోవడం నయం.

నమ్మకం ఎన్ని చోట్ల ఉంటుందో

ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఎర్ర పేజీ లేకుండా తెరిచింది, పని అయిపోయింది అనుకునేసరికి ఫోన్‌లో ఎర్ర పేజీ. మీ రూట్‌ను ఫోన్ ఎప్పుడు చూసింది గనక? నమ్మకం ఒక్కచోట ఉండేది కాదు. విండోస్‌కు ఒక జాబితా, మ్యాక్‌కు ఒకటి, ఫైర్‌ఫాక్స్‌కు సొంతంగా ఇంకొకటి. క్రోమ్ 2022 నుంచి తన జాబితా తానే పెట్టుకుంది, అయినా మీరు సిస్టమ్‌లో చేతితో చేర్చిన రూట్‌ను గౌరవిస్తుంది. ఫైర్‌ఫాక్స్ కూడా 2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి విండోస్‌లో, మ్యాక్‌లో మీరు చేర్చిన రూట్లను తానే చదువుకుంటోంది. అంతకుముందు విండోస్ ఫైర్‌ఫాక్స్‌లో ఈ పని చేత్తో చేసుకోవాల్సి వచ్చేది.

ఆండ్రాయిడ్ ఫోన్‌కు రూట్ సర్టిఫికెట్ ఫైలు పంపి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసేచోట సీఏ సర్టిఫికెట్ అని ఎంచుకోవాలి. కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త మారతాయి, సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ అని వెతికితే దొరుకుతుంది. మీ నెట్‌వర్క్‌ను ఎవరైనా గమనించే అవకాశం ఉందని ఫోన్ హెచ్చరిస్తుంది. అది అబద్ధం కాదు, ఎందుకో కింద చెబుతాను. ఇలా పెట్టిన రూట్‌ను క్రోమ్ ఒప్పుకుంటుంది. కానీ యాప్‌లు ఒప్పుకోవు. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పటి నుంచి యూజర్ చేర్చిన రూట్లను యాప్‌లు తమంతట తాము నమ్మవు. మీ వెబ్‌సైట్‌నే ఒక యాప్‌లో చుట్టి ఇస్తుంటే, ఆ యాప్ నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్‌లో డీబగ్ బిల్డ్‌కు (మీరు పరీక్షించుకునే కాపీకి) మాత్రమే యూజర్ రూట్లను నమ్మమని రాయాలి. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌కు రాయకూడదు.

ఐఫోన్‌లో రెండు మెట్లు. ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయడం ఒకటి. తర్వాత సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, అట్టడుగున సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ రూట్ పక్కన స్విచ్ ఆన్ చేయడం రెండోది. మొదటిది చేసి "వెరిఫైడ్" అన్న పచ్చ అక్షరాలు చూసి ఆగిపోతారు, రెండోది తెలియక ఐఫోన్‌నే అనుమానిస్తారు.

బ్రౌజర్లు కానివీ ఉన్నాయి. మీ నోడ్ ప్రోగ్రామ్ (బ్రౌజర్ బయట నడిచే జావాస్క్రిప్ట్) ఇంకో లోకల్ సర్వర్‌ను హెచ్‌టీటీపీఎస్‌లో పిలిస్తే, క్రోమ్ ఒప్పుకున్నా నోడ్ ఒప్పుకోదు. మామూలుగా నోడ్ తన వెంట తెచ్చుకున్న జాబితానే చూస్తుంది. దానికి నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీ రూట్ ఫైలు దారి ఇవ్వాలి. పైథాన్ రిక్వెస్ట్స్, జావా, డాకర్ కంటైనర్ దేని జాబితా దానిదే. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సౌకర్యం) వాడేవాళ్లు ఎంకేసర్ట్‌ను లైనక్స్ వైపు ఇన్‌స్టాల్ చేసి, విండోస్ వైపు క్రోమ్‌లో ఎర్ర పేజీ ఎందుకు పోలేదని అడుగుతుంటారు. ముద్ర ఒక ఇంట్లో రాయించి పక్కింట్లో వెతకడమే అది.

ఇక్కడే ఒక చెడ్డ అలవాటు పుడుతుంది. నోడ్‌లో సర్టిఫికెట్ పరీక్షనే ఆపేసే వేరియబుల్ ఒకటుంది, సున్నా పెడితే ఎర్రర్ మాయం. ఆ వరస ఎన్విరాన్‌మెంట్ ఫైలులో ఉండిపోయి అలాగే అసలు సర్వర్‌కు చేరితే, మీ ప్రోగ్రామ్ ఎవరు ఏ సర్టిఫికెట్ చూపినా తల ఊపుతుంది. క్రోమ్‌లో ఎర్ర పేజీ మీద అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు పోవడం కూడా ఆ బాపతే. పైగా అలా దాటుకుని వెళ్లినా సర్టిఫికెట్ ఎర్రర్ ఉన్న పేజీలో సర్వీస్ వర్కర్ రిజిస్టర్ కాదు, ఆఫ్‌లైన్‌లో పనిచేయాల్సిన యాప్ పనిచేయదు.

ముద్ర అచ్చు ఎవరి జేబులో ఉంది

ఎంకేసర్ట్ పుట్టించిన రెండు రూట్ ఫైళ్లలో సర్టిఫికెట్ ఎవరికిచ్చినా పర్వాలేదు. ప్రైవేట్ కీ సంగతి వేరు. అది ముద్ర వేసే అచ్చు. అది చేతికి చిక్కినవాడు మీ రూట్‌ను నమ్మిన ప్రతి యంత్రాన్నీ మోసం చేయగలడు. మీ యాప్ పేరుతోనే కాదు, మీ బ్యాంకు పేరు మీద, మీ ఈమెయిల్ పేరు మీద సర్టిఫికెట్ తయారుచేసి అదే వైఫైలో కూర్చుంటే మీ బ్రౌజర్‌లో తాళం గుర్తు ఠీవిగా వెలుగుతుంది. ఫోన్ హెచ్చరించింది దీని గురించే.

ఊరికే భయపెట్టడం కాదు. 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌ల వ్యవహారం బయటపడింది. వాటిలో ముందే వేసి పంపిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒకే రూట్‌ను, ఒకే ప్రైవేట్ కీని పెట్టింది. పరిశోధకులు ఆ కీని బయటికి లాగేశారు. ఒక్క కీతో ఆ ల్యాప్‌టాప్‌లన్నీ నగ్నంగా నిలబడ్డట్టయింది.

మన దేశంలోనూ ఒకటి జరిగింది. 2014 జులైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు ఉన్న జారీ అధికారం కింద గూగుల్, యాహూ పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఆ సెంటర్‌కు అధికారం వచ్చింది భారత ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ నుంచి. ఆ పై రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండడంతో విండోస్‌లోని చాలా ప్రోగ్రాములు వాటిని నమ్మే పరిస్థితి. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో ఆ రూట్ లేదు, దానికి ఇబ్బంది రాలేదు. కంట్రోలర్ ఆ సెంటర్ అధికార పత్రాలను రద్దు చేశారు. గూగుల్ కూడా ఆ రూట్ చెల్లుబాటును క్రోమ్‌లో కొన్ని భారతీయ డొమైన్లకే పరిమితం చేసింది. ప్రభుత్వ వ్యవస్థ కిందే అచ్చు అదుపు తప్పగలిగితే, వాట్సాప్ గ్రూపులో జిప్ చేసి పంపిన ఫోల్డర్ సంగతి చెప్పాలా?

చెప్పాలి, ఎందుకంటే చాలా టీముల్లో జరిగేది అదే. ఒకరు ఎంకేసర్ట్ నడిపి, ఫోల్డర్ మొత్తాన్ని మిగతా వాళ్లకు పంపేస్తారు, లేదా అందరి కోడ్ దాచే గిట్ రెపోలోకి తోసేస్తారు. కాలేజీ ల్యాబులో అయితే ఒక సిస్టమ్ సిద్ధం చేసి, దాని ఇమేజ్‌ను మిగతా అన్నింటికీ కాపీ కొడతారు, రూట్ కీతో సహా. ఇక ఆ ల్యాబులో ఎవరు ఎవరి లాగిన్‌నైనా పట్టవచ్చు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు సొంతంగా రూట్ పుట్టించుకోవాలి, అది నిమిషం పని. పంచుకోవాల్సి వస్తే సర్టిఫికెట్ ఫైలు ఒక్కటే పంచుకోవాలి. ప్రాజెక్టు అయ్యాక అన్‌ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో ల్యాప్‌టాప్ జాబితాలోంచి తీసేసి, ఆ ఫోల్డర్‌ను చేత్తో చెరిపేయాలి. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన కీ ఫైలు పోదు. పరీక్షకు వాడిన ఫోన్లలోంచి కూడా రూట్‌ను తీసేయాలి, ముఖ్యంగా అవి గుమస్తాల సొంత ఫోన్లు అయితే. వాళ్లు ఫోన్‌పే చేసేది వాటితోనే.

ఫోన్లు ఎక్కువైతే

పది మంది గుమస్తాల ఫోన్లలో రూట్ ఎక్కించడం సరైన పని కాదు, వాళ్ల ఫోన్లలో మన అచ్చును నమ్మించే హక్కు కూడా మనకు లేదు. అప్పుడు నిజమైన డొమైన్ వాడుకోవడం మేలు. మీకు ఇప్పటికే ఒక డొమైన్ ఉంటే దాని కింద ఒక ఉపపేరు పెట్టి, పేర్లకు అంకెల చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో దాన్ని 192.168.1.12 వైపు తిప్పండి. లోపలి చిరునామాను బయటి డీఎన్‌ఎస్‌లో రాయడం వింతగా అనిపించినా పనిచేస్తుంది. కొన్ని రూటర్లు మాత్రం ఇలాంటి జవాబులను అడ్డుకుంటాయి, ముందే చూసుకోండి. సర్టిఫికెట్ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ మీ ల్యాప్‌టాప్‌కు వచ్చి తలుపు తట్టాల్సిన పని లేదు. డీఎన్‌ఎస్ ఛాలెంజ్ అనే పద్ధతిలో, అది చెప్పిన ఒక టెక్స్ట్ రికార్డును మీ డొమైన్‌లో పెడితే పేరు మీదేనని ఒప్పుకుంటుంది. ఆ సర్టిఫికెట్‌ను ఏ ఫోనైనా ఏ సెట్టింగూ మార్చకుండా నమ్ముతుంది.

ఖర్చు లేకపోలేదు. వాళ్లు మొదటి నుంచి ఇస్తూ వచ్చిన గడువు 90 రోజులు, కాబట్టి మళ్లీ మళ్లీ తెచ్చుకునే స్క్రిప్టు ఒకటి పెట్టుకోవాలి. ఆ స్క్రిప్టుకు డీఎన్‌ఎస్ మార్చే తాళంచెవి ఇవ్వాలి, దాన్ని ఆ ఒక్క పనికే పరిమితం చేయాలి. ఇంకొకటి, పబ్లిక్ అథారిటీ ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ పేరూ ట్రాన్స్‌పరెన్సీ లాగ్ అనే బహిరంగ జాబితాల్లో అందరికీ కనిపించేలా నమోదవుతుంది, తర్వాత చెరపడం కుదరదు. కస్టమర్ పేరుతో కొత్త యాప్ చేస్తున్న విషయం ఇంకా బయటికి రాకూడదనుకుంటే, ఆ ఉపపేరులో దుకాణం పేరు పెట్టకండి.